మూర్తి గారి మిషనూ, నూకరాజు గారి అంగుళాలూ

నేను కాలవల మీద ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆడపిల్ల గట్టు మీద టేపు పట్టుకుని నిలబడితే సైకిళ్ళ మీద పోయేవాళ్ళు దిగి మరీ చూసేవారు. ఇప్పుడు చూడరు. ఇప్పుడు ఆ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళలో సగం మంది ఆడపిల్లలే, అందుకు నాకు మహా సంతోషం. వాళ్ళలో ఒకరిద్దరు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి "మీ అనుభవాలు రాయండి మేడమ్" అంటుంటారు. సరే, రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను, అవి నాకే సరిగ్గా గుర్తు లేవు. ఏ ఫైలు ఎవరు తొక్కిపెట్టారో కూడా రాయను, అది రాస్తే మళ్ళీ బీపీ పెరుగుతుంది. ఒక కాలిక్యులేటర్ గురించి, దాన్ని కంప్యూటర్‌కి కలపడానికి నేను పడ్డ పాట్ల గురించి, కలిపాక నేను చేసిన ఘనకార్యం గురించి రాస్తాను. ఇంజనీరుగా నేను నేర్చుకున్నదేదైనా ఉంటే అది ఆ రోజుల్లో నేర్చుకున్నదే.

గేజి రాయి, లస్కరు, మూర్తి గారు

ముందు మా పని ఏమిటో చెప్పాలి. మా ఆఫీసు ధవళేశ్వరంలో. పొద్దున్నే ఏడు, ఎనిమిది మధ్య కాలవల మీది లస్కర్లు ఫోన్లు చేసేవారు. లస్కరు అంటే గట్టు మీద కాపలా ఉండి, నీళ్ళలో పాతిన గేజి రాయి మీద మట్టం చూసి మాకు చెప్పి, మేం చెప్పినట్టు తలుపులు ఎత్తి దించే మనిషి. ఆ రాళ్ళు పాతవి. వాటి మీద గీతలు అడుగులు, అంగుళాలు. మా కాగితాలేమో మీటర్లు. ఈ రెంటికీ మధ్య నలిగిపోయేది ఇంజనీరు.

మా డిప్యూటీ ఇంజనీరు మూర్తి గారు నలిగిపోలేదు. ఆయన రోజూ రాజమండ్రి నుంచి బస్సులో వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు, గొంతు మెల్లగా ఉండేది. చొక్కా జేబులో కళ్ళజోడు, పాంటు జేబులో చేతి రుమాలు, చంకలో ఆ కాలిక్యులేటర్. అది మామూలు లెక్కల డబ్బా కాదు. తెర మీద గ్రాఫు గీసేది, మనం ప్రోగ్రాం రాసి పెట్టుకుంటే దాచుకునేది. ఆయన తోడల్లుడు ఓడ మీద పనిచేస్తూ సింగపూర్‌లో కొని తెచ్చి ఇచ్చాడట. ఆయన అందులో ఏళ్ళ తరబడి కూర్చుని, కాలవకొక ప్రోగ్రాం రాసుకున్నారు. లస్కరు ఫోన్‌లో చెప్పిన మట్టం కొడితే, ఏ తలుపు ఎన్ని చుట్లు తిప్పాలో అది చెప్పేది. దాన్ని ఆఫీసులో అందరూ మూర్తి గారి మిషను అనేవారు.

నేను ఎందరో ఆఫీసర్ల కింద చేశాను. ఒకాయన ఉండేవాడు, కాలవ గట్టు మీదకి వస్తే బూట్లకి బురద అంటుకుంటుందని జీపులోంచే చెయ్యి ఊపేవాడు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మూర్తి గారు అందుకు పూర్తిగా వేరు. కొత్తగా చేరిన నన్ను మొదటి వారం ఆఫీసులో కూర్చోనివ్వలేదు.

"లస్కర్ల దగ్గరికి వెళ్ళి రామ్మా. వాళ్ళ పేర్లు రాసుకో. టీ ఇస్తే తాగు" అన్నారు.

"గేజి చూడటం నాకు వచ్చు సార్" అన్నాను కొంచెం పొగరుగా.

"గేజి చూడటం ఎవరికైనా వస్తుందమ్మా" అని నవ్వి ఊరుకున్నారు.

వెళ్ళాను, పేర్లు రాసుకున్నాను, టీ తాగాను. ఆ పని ఎందుకు చెప్పారో మాత్రం చాలా కాలం తెలుసుకోలేదు.

చెప్పులు విప్పి వెళ్ళే గది

నేను చేరిన ఐదారేళ్ళకి గోదావరిలో నీళ్ళు బాగా తక్కువగా ఉన్న సంవత్సరం ఒకటి వచ్చింది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతుల మీద నీళ్ళు ఇస్తున్నాం. నా చేతిలో రెండు కాలవలు ఉండేవి. ఒకటి పై కాలవ. రెండోది నరసాపురం దాటి మొగల్తూరు వైపు సముద్రం దాకా పోయే చివరి కాలవ. రెంటికీ నీళ్ళు ఒకే చోట చీలతాయి. ఇక్కడ ఒక చుట్టు ఎక్కువ తిప్పితే అక్కడ చివరి పొలం ఎండుతుంది. నీళ్ళ తలుపులుండే ఆ చివరి రెగ్యులేటర్ దగ్గర లస్కరు నూకరాజు గారు. వాళ్ళది చేపలు పట్టే కుటుంబం, ఆయన ఒక్కడే సర్కారు కొలువులోకి వచ్చాడు. నీటి మట్టం చెప్పడంలో ఆయన మాటకి తిరుగులేదు.

సరిగ్గా చేలు పొట్ట మీద ఉన్న రోజుల్లో మూర్తి గారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళిన మర్నాడు వాళ్ళావిడ, సావిత్రమ్మ గారు, కాలిక్యులేటర్‌ని గుడ్డ సంచిలో పెట్టి నాకు పంపించారు. "ఎడం చేత్తో ఆఫీసు వైపు చూపిస్తున్నారమ్మా, నీకేనని పంపిస్తున్నాను" అని కబురు.

తీసి చూస్తే వెనక మూతలోంచి బ్యాటరీలు కారి తెల్లగా పొక్కులు కట్టి ఉన్నాయి. తెర మీద అంకెలు లేత బూడిద రంగుకి తిరిగాయి. అందులో నాలుగు పెద్ద బ్యాటరీలు కాక బిళ్ళలాంటి చిన్నది ఒకటి ఉంటుంది. పెద్దవి మార్చేటప్పుడు ప్రోగ్రాములు చెరిగిపోకుండా కాసేపు కాపాడేది ఆ బిళ్ళే. ఆ బిళ్ళ బతికి ఉందో లేదో నాకు తెలియదు. అది చచ్చిపోయి ఉంటే, నేను పెద్దవి తీసిన క్షణాన మూర్తి గారి ఇన్నేళ్ళ చాకిరీ గాలికి పోతుంది. మళ్ళీ చెప్పడానికి ఆయనకి నోరు లేదు, రాయడానికి చెయ్యి లేదు. నీళ్ళు చూస్తే రోజుకింత తగ్గుతున్నాయి.

అంటే బ్యాటరీలు తియ్యకముందే లోపలున్నదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. సంచిలో కాలిక్యులేటర్‌తో పాటు వచ్చిన తీగ, ఒక ఫ్లాపీ ఉన్నాయి. తీగ చుట్టిన కాగితం కూడా విప్పలేదు ఆయన.

మా ఆఫీసులో అప్పటికి ఒకే ఒక్క కంప్యూటర్. దానికో గది, గదికో పరదా, కంప్యూటర్ మీద పూల గుడ్డ. చెప్పులు గుమ్మం బయట విప్పి వెళ్ళాలి. నేను చెప్పులు విప్పి, పూల గుడ్డ తీసి, వెనక్కి తిప్పి చూస్తే రెండు పోర్టులు. తొమ్మిది సూదులది ఒకటి, అందులో మౌసు ఉంది. ఇరవై ఐదు సూదులది ఇంకొకటి, అది ఖాళీ. నా తీగ చివర ఉన్నదేమో తొమ్మిది సూదులకి సరిపోయేది. మౌసు పీకేసి నా తీగ పెట్టాను. కంప్యూటర్ బిగుసుకుపోయింది. మళ్ళీ మౌసు పెట్టాను. అయినా బిగుసుకుపోయింది. సూపర్నెంటు గారు పరదా పక్కనుంచి తొంగి చూసి, "అమ్మా రత్నమ్మ గారూ, అది పాడైతే మీ జీతంలోంచి పోయేది కాదు, నా జీతంలోంచి" అన్నారు.

రాజమండ్రి వెళ్ళి ఒక టేప్‌రికార్డర్ల మెకానిక్‌ని పట్టుకున్నాను. ఆయన తీగని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇరవై ఐదులో ఇరవై రెండు ఉత్తివేనండి. పనికొచ్చేవి మూడే. ఇటు తొమ్మిదికీ అటు ఇరవై ఐదుకీ మధ్య ఒక ముక్క అతికేస్తే సరిపోద్దండి" అన్నాడు.

"ఏవి మూడో మీకెలా తెలుసండి?"

"ఒకటి చెప్పేది, ఒకటి వినేది, ఒకటి నేల. ఏ మిషనుకైనా అంతేగదండీ." గంటలో అతికి ఇచ్చాడు. ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ ముక్క పెట్టాను. మౌసు దాని చోట అది ఉంది, కాలిక్యులేటర్ దీని చోట ఇది ఉంది. ఫ్లాపీలోని ప్రోగ్రాం తెరిచి, కాలిక్యులేటర్‌లో 'పంపు' మీట నొక్కాను. తప్పు జరిగిందని చూపించింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే. వేగం రెండు వైపులా ఒకటే ఉండాలని పుస్తకంలో ఉంటే ఆ అంకె రెండు చోట్లా సరిచేశాను. అయినా అదే. రెండు రోజులు పోయాయి. నొక్కిన ప్రతిసారీ తెర ఇంకొంచెం పాలిపోతోంది.

మూడో రోజు పొద్దున్న నూకరాజు గారి ఫోను. మట్టం చెప్పాక అన్నాడు: "అమ్మా, ఒక్క మాటండి. మీరు పైన ముందే వదిలేత్తన్నారు. నేను ఇక్కడ తలుపులు తీసి, ఆయ్ తీశానండి అన్నాక వదలండి. లేపోతే నీళ్ళు గట్టుకి కొట్టేత్తన్నాయండి."

ఫోను పెట్టేస్తుంటే బుర్రలో వెలిగింది. చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి కంప్యూటర్ గదిలోకి పరిగెత్తాను. నేను రెండు రోజులుగా ముందు కాలిక్యులేటర్‌లో 'పంపు' నొక్కి, ఆ తర్వాత కంప్యూటర్‌లో 'అందుకో' నొక్కుతున్నాను. తీసుకునేవాడు తలుపు తియ్యకముందే వదిలేస్తున్నాను. ఈసారి ముందు కంప్యూటర్‌ని 'అందుకో' మీద నిలబెట్టి, అప్పుడు కాలిక్యులేటర్‌లో 'పంపు' నొక్కాను.

తెర మీద ఒక్కొక్క పేరూ పడుతూ వచ్చింది. నేను గట్టిగా కేక వేశాననుకుంటాను, ఎందుకంటే సూపర్నెంటు గారు కంప్యూటర్ పేలిందనుకుని పరిగెత్తుకొచ్చారు.

నేను ఇల్లు సర్దిన విధం

ఇక్కడి దాకా నాకు నేనే భుజం తట్టుకోవచ్చు. తర్వాతది జాగ్రత్తగా చదవండి.

పంపడం అయిపోయాక బ్యాటరీలు తీశాను. అనుకున్నదే అయింది. బిళ్ళ ఎప్పుడో చచ్చిపోయి ఉంది, కాలిక్యులేటర్ లోపల అంతా తుడిచిపెట్టుకుపోయింది. నేను నవ్వాను కూడా. పోతే పోనీ, కంప్యూటర్‌లో ఉంది కదా. కొత్త బ్యాటరీలు వేసి తిరిగి ఎక్కించబోతూ, ఒకసారి చూద్దామని ప్రోగ్రాములు తెరిచాను.

చిన్న తెర మీద ముక్కలు ముక్కలుగా కనబడేది కంప్యూటర్ తెర మీద ఒక్కసారిగా కనిపిస్తుంది. అలా చూస్తే ఎవరి ఇల్లైనా సర్దెయ్యాలనిపిస్తుంది. మొదట పేర్లు చూసి నవ్వొచ్చింది. పేరుకి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే చోటు. మూర్తి గారు కాలవల పేర్లు పెట్టలేదు, లస్కర్ల పేర్లు పెట్టారు. చివరి కాలవ ప్రోగ్రాం పేరు నూకరాజు. ఇదేం చాదస్తం అనుకుని తీసేసి, కాలవ ఒకటి, కాలవ రెండు అని పెట్టాను.

తర్వాత ప్రతి ప్రోగ్రాం మొదట్లోనూ ఒక వింత వరస కనబడింది. మనం కొట్టిన అంకెలో చుక్క తర్వాత భాగాన్ని వందతో గుణించి, పన్నెండుతో భాగించి, మళ్ళీ కలుపుతోంది. చుక్క తర్వాత ఉండేది దశాంశం కదా, దానికి పన్నెండెందుకు? ఏదో పరీక్ష కోసం రాసి తీసెయ్యడం మరిచిపోయి ఉంటారు అనుకుని, తీసేశాను. చివరి కాలవ దాంట్లో మాత్రమే ఇంకో వరస, రెండుని పన్నెండుతో భాగించి తీసెయ్యమని. మిగతా వాటిలో లేదు. ఇది కచ్చితంగా పొరపాటే అనుకున్నాను. అదీ తీసేశాను. అన్నీ సర్ది, పాత ఫైలు మీదే దాచేసి, శుభ్రంగా కాలిక్యులేటర్‌లోకి తిరిగి ఎక్కించాను. పెద్ద మొనగత్తెనని పొంగిపోయాను. ఆ సాయంత్రం మా నాన్నకి కూడా చెప్పుకున్నాను. ఆయన చర్చి బడిలో లెక్కల మాష్టారు. "ఆయన్ని అడిగి తీసేశావా?" అన్నారు. "ఆయనకి మాట లేదు నాన్నా" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నాకేసి చూశారు.

మర్నాటి నుంచి ఆ మిషను చెప్పినట్టే తలుపులు తిప్పించాను. నాలుగు రోజులు.

కంకి వాడిన మొక్క

ఐదో రోజు పొద్దున్న నూకరాజు గారు ఫోన్ చెయ్యలేదు. పదింటికి మనిషే వచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చాడు. చేతిలో తడి గుడ్డలో చుట్టిన వరి మొక్క. గుమ్మంలో నిలబడి మొక్కని నా బల్ల మీద పెట్టాడు. ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. పొట్ట చీల్చి చూపించాడు. లోపల కంకి లేతగా, తెల్లగా, వాడిపోయి ఉంది.

"చివర నీళ్ళు రావట్లేదండి. నాలుగు రోజులైంది. పొట్ట మీద ఎండిపోతంది" అన్నాడు.

"అదెలాగండి? లెక్క ప్రకారం రెండు కాలవలకీ సమానంగా ఇస్తున్నాం."

"ఇత్తన్నారేమోనండి. రావట్లేదు."

"మూర్తి గారి ప్రోగ్రామే కదండీ, నేను సొంతంగా ఏం చెయ్యలేదు." ఈ మాట అంటున్నప్పుడే నేను తీసేసిన వరసలు గుర్తొచ్చాయి.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అయ్యగారి మిషను ఇలా చెయ్యదండి అమ్మా."

నాకు కోపం వచ్చింది. దాచుకోను, నేను తొందరగా కోపం తెచ్చుకునే మనిషిని. ముందురోజు గుమాస్తా ఫోన్‌లో విని చుక్క పెట్టి రాసిన మట్టాల కాగితం తీసి ఆయన ముందు పెట్టి, "చూడండి. పై కాలవ మూడు పాయింట్ పది. మీది మూడు పాయింట్ సున్నా ఒకటి. రెండూ దాదాపు ఒకటే. అందుకే సమానంగా ఇచ్చాను" అన్నాను.

ఆయన కాగితం కేసి చూశాడు. నాకేసి చూశాడు. చాలా మర్యాదగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"ఒకటే ఎలాగవుద్దండి? ఆళ్ళు చెప్పింది మూడడుగుల పదంగుళాలు. నాలుగడుగులకి రెండంగుళాలే తక్కువ. నేను చెప్పింది మూడడుగుల అంగుళం. తొమ్మిదంగుళాల తేడా ఉందండి అమ్మా."

తల తీసేసినట్టయింది. చుక్క తర్వాత ఉన్నది దశాంశం కాదు. అంగుళాలు. లస్కరు నోటితో "మూడడుగుల పదంగుళాలు" అంటే మూర్తి గారు దాన్ని మూడు, చుక్క, పది అని అన్నది అన్నట్టే కొట్టేవారు. ఆ అంకెని మిషను అర్థం చేసుకోవడానికే వంద, పన్నెండు. పొద్దున్నే హడావిడిగా ఫోన్‌లో లెక్క మార్చుకుంటూ కూర్చుంటే ఎవరైనా తప్పు చేస్తారు. అందుకని మార్చే పని ఆయన మిషనుకి అప్పజెప్పారు. నేను ఆ పని మానిపించేశాను. నాలుగు రోజులు, నిండుగా ఉన్న కాలవకి ఇంకా నీళ్ళు ఇచ్చి, ఎండుతున్న కాలవని ఎండగట్టాను.

వెంటనే ఆ వరస తిరిగి రాసి, పై కాలవ తలుపులు దింపమని ఫోన్ చేశాను. తీసేసిన రెండో వరస మాటేమిటి? పాత ఫైలు మీదే దాచేశాను కాబట్టి అసలు ప్రతి ఎక్కడా లేదు. ఇంకేమేం తీసేశానో నాకే పూర్తిగా గుర్తు లేదు. "పదండి, మూర్తి గారింటికి వెళ్దాం" అన్నాను. "ఆయ్, నేనూ చూసినట్టుంటదండి" అన్నాడు నూకరాజు గారు.

రెండు వేళ్ళు

మూర్తి గారిని అప్పటికి ఇంటికి తెచ్చారు. కిటికీ పక్కన కుర్చీలో దిండ్ల మధ్య కూర్చోబెట్టారు. మమ్మల్ని చూసి సగం నవ్వారు, ముఖంలో సగమే నవ్వగలుగుతోంది. నేను సావిత్రమ్మ గారి ముందే అంతా చెప్పేశాను. ఏమేం తీసేశానో, ఎలా తీసేశానో, ఎంత గొప్పగా ఫీలయ్యానో కూడా. చెబుతూ ఏడ్చాను. అందులో సిగ్గేముంది, ఏడ్చాను.

ఆయన ఎడం చెయ్యి చాచారు. కాలిక్యులేటర్ ఇచ్చాను. పేర్ల జాబితా తెరిచి, కాలవ ఒకటి, కాలవ రెండు అని చూసి, నాకేసి ఒక చూపు చూశారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఒంటి బొటనవేలితో మెల్లగా మూడు, చుక్క, పది కొట్టి, వచ్చిన జవాబు చూసి తల ఊపారు. చివరి కాలవకి మూడు, చుక్క, సున్నా, ఒకటి కొట్టారు. జవాబు చూసి తల అడ్డంగా ఊపారు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అడ్డంగా ఊపారు.

"ఏం తప్పు సార్?" అన్నాను.

ఆయన పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఎడం చెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు చూపించారు. నాకు అర్థం కాలేదు. సావిత్రమ్మ గారు "రెండు మాత్రలా అండీ? వేసేశాను కదా" అన్నారు. ఆయన వేళ్ళు దించలేదు. ఆ రెండు వేళ్ళనీ నూకరాజు గారి వైపు తిప్పారు.

నూకరాజు గారి ముఖం వెలిగిపోయింది. "రెండంగుళాలండి! మా రాయండి అమ్మా! మా గేజి రాయి రెండంగుళాలు కుంగిందండి. తుఫాను ఏడాది గట్టు తెగినప్పుడు కూరుకుపోయింది. మట్టం రెండంగుళాలు ఎక్కువ చూపిత్తదండి. అయ్యగారు ఒకసారి వచ్చి నాతో పాటు నీళ్ళలోకి దిగి కొలిచారు. కొత్త రాయి వేయిత్తానన్నారు, వెయ్యలేదు. ఈ లోపల లెక్కలో తీసేత్తన్నాలే నూకరాజూ అన్నారండి!"

మూర్తి గారు చెయ్యి దించి కళ్ళు మూసుకున్నారు. అలిసిపోయారు.

ఆ రోజు సాయంత్రానికి రెండు వరసలూ చేరాయి. ఆ రాత్రికి చివరి కాలవకి నీళ్ళు ఎక్కాయి. నూకరాజు గారు పొద్దున్నే ఫోన్ చేసి "వచ్చేశాయండి" అన్నాడు. ప్రోగ్రాముల పేర్లు కూడా మళ్ళీ మనుషుల పేర్లే పెట్టాను. ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో పేరే చెబుతుందని అప్పుడు తెలిసింది నాకు.

పంట చాలావరకు నిలబడింది. అంతా నిలబడలేదు. చివర కొన్ని చేలు గింజ పట్టక తాలు పోయాయి. అది నా నాలుగు రోజుల ఫలితం. కోతలప్పుడు అటు వెళ్ళినప్పుడు ఒక గట్టు మీద నూకరాజు గారి భార్య కనబడి, మా కౌలు చేను అని చూపించింది. ఎకరం మొత్తం తాలు. ఆయన ఆ రోజు తెచ్చిన మొక్క ఆ చేలోదే.

"మీ చేను అని అప్పుడే ఎందుకు చెప్పలేదండి?" అని అడిగాను నూకరాజు గారిని.

"నా చేను అంటే నా కోసం అడుగుతున్నాననుకుంటారు గదండీ. కాలవంతా ఎండుతుంటే" అన్నాడు. నేను క్షమించమన్నాను. "ఊరుకోండమ్మా" అని టీ పెట్టించాడు. తాగాను. నా ఉద్యోగంలో నేను చూసిన పెద్ద ఇంజనీర్లు ఎవరని అడిగితే ఇద్దరి పేర్లు చెబుతాను, ఒకాయనకే డిగ్రీ ఉంది.

నా పేరుతో ఒకటి

ఆ వేసవిలో కాలిక్యులేటర్‌ని మూర్తి గారి దగ్గర కొన్నాళ్ళు వదిలాను. ఒక చెయ్యి ఆడుతోంది కదా, కాలక్షేపం అవుతుందని. పది రోజుల తర్వాత సావిత్రమ్మ గారు తిరిగి ఇస్తూ, "రోజంతా దాంతోనే, అన్నం కూడా చల్లారిపోయేది" అన్నారు.

సార్వాకి, అంటే తొలకరి పంటకి, నీళ్ళు వదిలిన మొదటి రోజు నూకరాజు ప్రోగ్రాం తెరిచి మట్టం కొట్టాను. తలుపుల లెక్క రాలేదు. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పడింది: "లస్కరుని అడిగావా?" కింద, ఒకటి అవును, సున్నా లేదు.

ఉలిక్కిపడి ప్రోగ్రాముల జాబితా చూశాను. కొత్తది ఒకటి ఉంది. ఎనిమిది ఇంగ్లీషు అక్షరాల్లో, రత్నమ్మ. మిగతా ప్రోగ్రాములన్నీ జవాబు చెప్పేముందు దాని దగ్గరికి వెళ్ళి వస్తున్నాయి. ఒకటి నొక్కితే లెక్క వస్తుంది, సున్నా నొక్కితే ఆగిపోతుంది. ఒక్క బొటనవేలితో, పది రోజులు కూర్చుని రాశారు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు.

అప్పటి నుంచి రిటైరయ్యే దాకా ఏ పొద్దున్నా ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పలేదు. మూర్తి గారు పోయి చాలా ఏళ్ళయింది. చివరి రోజుల దాకా నన్ను చూస్తే ఎడం చేతి రెండు వేళ్ళు పైకెత్తేవారు. అదే మా నమస్కారం.

మొన్నామధ్య కొత్తగా చేరిన ఒక అసిస్టెంట్ ఇంజనీరు అమ్మాయి వచ్చింది. హుషారైన పిల్ల, కొంచెం పొగరు, నాకు నచ్చేంత. మూర్తి గారి ప్రోగ్రాములు తన లాప్‌టాప్‌లోకి కావాలంది. పాత కంప్యూటర్ ఎప్పుడో తుక్కులోకి పోయింది. లాప్‌టాప్‌కి తొమ్మిది సూదులూ లేవు, ఇరవై ఐదూ లేవు. ఒక కన్వర్టర్ తెప్పించింది. "ముందు అందుకునేది సిద్ధంగా ఉండాలమ్మా" అన్నాను. మొదటిసారికే ఎక్కేసింది. పెద్ద తెర మీద అన్నీ ఒక్కసారిగా చూసి ఆ పిల్ల వేళ్ళు మీటల మీదకి పోయాయి.

"మేడమ్, ఈ రత్నమ్మ అనేది లెక్కలో ఏమీ చెయ్యట్లేదండి. ఊరికే అడ్డం. తీసెయ్యనా?"

నాకు మా నాన్న ముఖం గుర్తొచ్చింది. "తీసేద్దువుగాని. ముందు ఒకసారి నడిపి చూడు" అని కాలిక్యులేటర్ చేతికిచ్చాను.

తన ఫోన్‌లో ఉన్న ఆ రోజు మట్టం చూసి కొట్టింది. తెర మీద ప్రశ్న పడింది. ఆ పిల్ల పెదాలు కదుపుతూ చదువుకుంది. వేలు ఒకటి మీదకి వెళ్ళింది. అక్కడే ఆగింది. పక్కకి జరిపి సున్నా నొక్కింది. ప్రోగ్రాం ఆగిపోయింది.

కాలిక్యులేటర్ బల్ల మీద పెట్టి లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగింది: "ఆ చివరి కాలవ మీద ఇప్పుడు ఎవరున్నారండి మేడమ్?"